పెన్న గట్టున పాత బంగళా పక్కనుండే నడక బాట: దాని వయసు తేల్చేదెట్లా?

ఉత్తరగట్టు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. సంగం ఆనకట్టకు దిగువన, జొన్నవాడకు ఎగువన, పెన్న ఉత్తరపు ఒడ్డున ఒక పాత తోట బంగళా ఉంది. మద్రాసు మిద్దె (దూలాల మీద చిన్న ఇటుకలు పేర్చిన కప్పు), చుట్టూ వరండా, వెనకాల మామిడి తోపు. బంగళా ప్రహరీకీ ఏటికీ మధ్య గట్టు మీద నడక బాట పోతుంది. ప్రహరీ పొడవునా బాటకు రెండు వైపులా ఇటుక అంచు పేర్చి ఉంది, మధ్యలో ఎర్ర గ్రావెల్. రెండు చోట్ల కూర్చునే అరుగులు, ఒక చోట ఏట్లోకి దిగే మెట్లు. మెట్లలో కింది సగం ఇసుకలో పూడిపోయింది. ప్రహరీ దాటాక ఇటుక అంచు ఆగిపోతుంది గానీ బాట ఆగదు, ఎగువకూ దిగువకూ పొలాల వెంట సాగుతుంది.

ఊళ్లో అందరూ చెప్పేది ఒకటే మాట. జమీందారుగారు సాయంత్రం షికారుకని వేయించారు, బంగళాతో పాటే కట్టారు, నూటయాభై ఏళ్ల నాటిది అని. ఇప్పుడు పంచాయతీ వాళ్లు బాట మీది కంప కొట్టించి, మొదట్లో ఒక బోర్డు పెట్టాలనుకుంటున్నారు. బోర్డు మీద సంవత్సరం వేయాలట. విన్నమాటను రాతిలో చెక్కించేస్తే రేపు అదే చరిత్ర అయిపోతుంది, అందుకే అడుగుతున్నాను.

ఏ రికార్డులు చూడాలి, ఏ వరసలో చూడాలి? గట్టునూ కట్టడాన్నీ చూసి ఏది ముందు ఏది వెనక అని చెప్పే గుర్తులేమైనా ఉన్నాయా? బంగళా కాపలా చూసేవాళ్లు బాట కూడా తమదేనంటున్నారు, దాని సంగతి కూడా తెలిసినవాళ్లు చెప్పండి.

గొలుసు_లింకులు:

ముందు బంగళాను పక్కన పెట్టి బాటను వెతకండి. ఇల్లెప్పుడు కట్టారో తెలిస్తే బాట వయసు తెలిసినట్టే అనుకోవడం దగ్గరే చాలామంది దారి తప్పుతారు. ఇంటి సంగతులు ఆ కుటుంబం కాగితాల్లో ఉంటాయి, బాట ఊరి రెవెన్యూ లెక్కల్లో ఉంటుంది, గట్టు ఇరిగేషన్ వాళ్ల ఫైళ్లలో ఉంటుంది. ఒకదాంట్లో ఉన్నది ఇంకోదాంట్లో దొరకదు.

మొట్టమొదట మీ ఊరు సర్కారు (రైత్వారీ) గ్రామమా, ఎస్టేటు (జమీందారీ) గ్రామమా తేల్చుకోండి. నెల్లూరు సీమ 1801లో కంపెనీ చేతికి వచ్చింది. రైత్వారీ గ్రామాలకు పందొమ్మిదో శతాబ్దంలోనే సర్వే, సెటిల్‌మెంటు (శిస్తు నిర్ణయం) జరిగాయి. జమీందారీ గ్రామాల సంగతి వేరు. వాటిలో చాలావాటికి పొలం పొలం సర్వే 1908 నాటి ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం కింద గానీ, 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత సర్కారు స్వాధీనం చేసుకున్నాక గానీ జరిగింది. కాబట్టి ఎస్టేటు గ్రామంలో తొలి ఎఫ్.ఎం.బి.లో (సర్వే నంబరు వారీగా కొలతలతో గీసిన పటాల పుస్తకం) బాట కనబడితే, ఆ సర్వే నాటికి బాట ఉందని మాత్రమే అర్థం. అంతకు ముందు లేదని కాదు. ఈ తేడా చూసుకోకుండా 'రికార్డు ప్రకారం 1950ల్లో వేసిన బాట' అని రాసేస్తుంటారు.

ఇక చూడాల్సినవి. గ్రామ పటం (పాతవి మైలుకు 16 అంగుళాల స్కేలు, అంటే అంగుళానికి 330 అడుగులు, 5 గొలుసులు). దాంట్లో బండి బాట రెండు తెగిన గీతలుగా, కాలిబాట ఒక్క తెగిన గీతగా ఉంటుంది. కాలిబాట వెడల్పు ఆ స్కేలులో అర మిల్లీమీటరు దగ్గరే ఉంటుంది కాబట్టి పటం మీద స్కేలు పెట్టి కొలవకండి. కొలతకు ఎఫ్.ఎం.బి. చూడాలి. పాత ఎఫ్.ఎం.బి.లో అంకెలు లింకుల్లో ఉంటాయి. గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు, ఒక లింకు 7.92 అంగుళాలు. బాట వెడల్పు 20 లింకులని ఉంటే 13 అడుగుల పైచిలుకు, బండి పోయే బాట. 10 లింకులైతే ఆరున్నర అడుగులు, మనిషి నడిచేది. అడుగులనుకుని చదివితే లెక్కంతా తలకిందులవుతుంది.

ఎఫ్.ఎం.బి.తో పాటే ఆ సర్వే నంబరుకు రిజిస్టరులో ఏం రాశారో చూడండి. రైత్వారీ గ్రామమైతే ఆర్.ఎస్.ఆర్. లేదా డైగ్లాట్, ఎస్టేటు గ్రామమైతే సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్. ఏరు పోరంబోకు, గట్టు పోరంబోకు, బాట పోరంబోకు, పట్టా... ఈ నాలుగింటిలో ఏది రాశారన్నది మీ కథకు కీలకం. రిమార్కుల గడి వదిలేయకండి. 'ఏటి రేవుకు పోవు బాట' లాంటి మాట దొరికేది అందులోనే.

ఇక్కడ ఒక చిక్కుంది. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే మీ ఊళ్లో పూర్తయి ఉంటే, మీకు ఆఫీసులో ముందుగా చేతికిచ్చేది ఎల్.పి. నంబర్లున్న కొత్త ల్యాండ్ పార్సిల్ మ్యాప్. డ్రోన్ ఫొటోతో తీసింది, కచ్చితమైనదే. కానీ అది ఇప్పటి హద్దు చెబుతుంది, పాతదాన్ని గురించి ఏమీ చెప్పదు. పాత సర్వే నంబరు ఏ ఎల్.పి. నంబరుగా మారిందో చూపే పట్టిక అడిగి తీసుకుని, పాత నంబరు మీదనే వెనక్కి పోవాలి. తహశీల్దారు ఆఫీసులో లేకపోతే జిల్లా సర్వే, భూమి రికార్డుల ఆఫీసులో అడగండి. నోటిమాటతో పని కాకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మండల స్థాయిలో ఫీజు 5 రూపాయలు, జిల్లా స్థాయిలో 10, నకలుకు పేజీకి 2 రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి. దరఖాస్తులో 'బాట చరిత్ర కావాలి' అని రాస్తే తిప్పి పంపుతారు. 'ఫలానా సర్వే నంబరు ఎఫ్.ఎం.బి. నకలు, ఫెయిర్ అడంగల్‌లో ఆ నంబరు పేజీ నకలు' అని కాగితం పేరు చెప్పి అడగాలి.

ఇంతకంటే పాతది కావాలంటే చెన్నై ఎగ్మోరులో తమిళనాడు ఆర్కైవ్స్‌కు పోవాలి. మద్రాసు బోర్డ్ ఆఫ్ రెవెన్యూ, పి.డబ్ల్యు.డి. (ప్రజా పనుల శాఖ) ప్రొసీడింగులు అక్కడ సంవత్సరం వారీగా ఉన్నాయి. ప్రతి సంవత్సరానికీ సూచిక ఉంటుంది, అందులో జిల్లా పేరు కింద వెతకాలి. సంవత్సరాల అంచనా లేకుండా పోతే మాత్రం కాగితాల్లో మునిగిపోతారు. ముందు ఇక్కడి పని ముగించుకుని, పదేళ్ల వ్యవధికి కుదించుకున్నాకే అక్కడికి.

పొర్లుకట్ట:

ఉత్తరగట్టు అన్నా, మీరు రాసినదాంట్లో అసలు ముక్క చివర్లో ఉండాది. ఇటుక అంచు ఆగింది, బాట ఆగలా. షికారు కోసం వేసుకున్న బాటయితే ఇంటి దగ్గర మొదలై తిరిగి ఇంటికే రావాల. రెండు పక్కలా పొలాల వెంట పోతా ఉంటే అది పొర్లుకట్ట. వరద నీళ్లు ఊళ్లోకీ పైరు మీదికీ పొర్లకుండా వేసిన మట్టికట్ట. దాని నెత్తి మీద లష్కరు (ఇరిగేషన్ కాపలా మనిషి) నడిచేవాడు, వరద రోజుల్లో రేయింబగళ్లు కాపలా ఉండేది. జనం నడవడం, జమీందారు నడవడం అన్నీ ఆ తర్వాతే.

తేల్చుకునే దానికి నాలుగు గుర్తులు చెప్తా. మొదటిది మట్టం. పొర్లుకట్ట నెత్తి ఏటి వాలుకు సమానంగా పోతాది, కింద నేల ఎగుడుదిగుడున్నా నెత్తి మాత్రం ఒకే వాలు. తోట బాట నేలతో పాటు లేస్తాది, దిగతాది. వంద అడుగులకొకచోట ట్యూబు లెవెల్ (మట్టం చూసే నీళ్ల గొట్టం) పెట్టి చూస్తే ఒక పూటలో తెలిసిపోతాది. రెండోది పక్కలు. ఏటి వైపు వాలు సమంగా ఉండి, రాతి పరుపు అతుకులు అక్కడక్కడా కనబడతా ఉంటే అది సర్కారు పని. మూడోది చివరలు. కట్ట రెండు చివరలా మెరక నేలకు గానీ, ఇంకో కట్టకు గానీ ఆనించి ఉంటాది. లేకపోతే వరద వెనకనుంచి చుట్టుకుని వస్తాది. మీరు ఎగువకూ దిగువకూ చివరిదాకా నడిచి చూడండి, ఎక్కడ ఆనిందో. నాలుగోది రాళ్లు. కట్ట అంచున మైలు, ఫర్లాంగు అంకెలతో చిన్న రాళ్లు నాటి ఉంటే ఆ రాయి మెట్రిక్ కొలతలు రాకముందుది. చట్టం 1956లో వచ్చింది, ఆఫీసుల్లో పూర్తిగా మారేసరికి 1960లు పడింది. ఫర్లాంగంటే 220 గజాలు, 201 మీటర్లు. ఒక రాయి దొరికితే ఆ దూరంలో రెండోది వెతకండి, కంప కిందనో మట్టిలోనో ఉంటాది.

కాలం అంచనాకు ఆనకట్టలు దన్ను. నెల్లూరు ఆనకట్ట 1855లో పూర్తయింది, సంగం ఆనకట్ట 1886లో. ఆనకట్ట వచ్చినాక కింద మాగాణి పెరిగింది. మాగాణి పెరిగితే కట్టలు కాపాడుకోవాల్సిన ఖర్చు కూడా పెరిగింది. అట్లని ప్రతి కట్టా ఆనకట్ట తర్వాతిదే అనుకోవద్దు. ఊరోళ్లు ముందే వేసుకున్న చిన్న కట్టను సర్కారు ఎత్తు చేసి, వెడల్పు చేసి తన లెక్కలో రాసుకున్నది చాలా చోట్ల ఉండాది. అందుకే 'కట్టిన సంవత్సరం' ఒకటే ఉంటాదని పట్టుబట్టొద్దు. లైను పడింది ఒకప్పుడు, ఇప్పటి ఎత్తు వచ్చింది ఇంకొకప్పుడు.

పెన్నకు వరదలు ఈశాన్య రుతుపవనాల్లో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 1980ల చివర సోమశిల పూర్తయినాక ప్రతి ఏడూ వచ్చే మోస్తరు వరదలు తగ్గినాయి. అప్పటి నుంచే కట్టల మీద కంప పెరగడం, కట్టను చెక్కి పొలంలో కలుపుకోవడం ఎక్కువైంది. 2021 నవంబరులో చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, పెన్నకు వరద వచ్చినప్పుడు బలహీనపడ్డ చోట్లన్నీ బయటపడినాయి. మీ బాటలో ఏ ముక్క ఆ తర్వాత మళ్లీ పోసిందో ముందు కనుక్కోండి. కొత్త గ్రావెల్ చూసి పాత బాట అనుకునేరు. ఇరిగేషన్ సబ్ డివిజన్ ఆఫీసులో వరద మరమ్మతు ఎస్టిమేట్లు, కట్ట పొడవు సెక్షన్లు ఉంటాయి. 'ఫలానా కిలోమీటరు నుంచి ఫలానా కిలోమీటరు దాకా' అని అడిగితే దొరుకుతాయి.

ఇంకో మాట, గట్టిగా చెప్తున్నా. పొరలు చూద్దామని గట్టులో గుంట తవ్వొద్దు. తవ్వి పూడ్చిన చోటు మళ్లీ అంత గట్టిగా దిగదు, వరదకు నీళ్లు ఊరేది అక్కడే, తెగేదీ అక్కడే. నవంబరు వానలకు పడ్డ కోతలు, కూలిన చెట్టు వేళ్ల గుంటలు చాలు. అంచు శుభ్రంగా చెక్కి చూడండి. గ్రావెల్ పొర మీద సన్నటి ఏటి ఇసుక, దాని మీద మళ్లీ గ్రావెల్ ఉంటే వరద నెత్తి దాటి పోయింది, ఆ తర్వాత కట్ట పెంచినారని.

గచ్చుపని:

పొర్లుకట్ట గారి మాట సగం ఒప్పుకుంటాను. గట్టు సర్కారుదే కావచ్చు. అయితే అరుగులు, మెట్లు, ఇటుక అంచు ఇరిగేషన్ వాళ్లు వేయరు. ఒకే బాటలో మూడు నాలుగు చేతుల పని ఉంది. ఒక్కోదాని కాలం విడిగా తీయాలి, ఆ తర్వాత వరస పేర్చాలి.

ముందు బంధకం చూడండి, సున్నమా సిమెంటా. ఇటుకల సందులో మేకుతో గీకితే గానుగ సున్నం పొడిగా రాలుతుంది, లోపల బియ్యపు గింజంత, కందిబద్దంత తెల్ల సున్నపు పలుకులు కనబడతాయి. ఇటుక పొడి కలిపితే గులాబీ రంగు తిరిగి ఉంటుంది. సిమెంటు బూడిద రంగు, మేకు జారిపోతుంది. నిమ్మరసం పోసి నురగ వస్తే సున్నమే అని చెబుతుంటారు, దాన్ని నమ్మకండి. పాత సిమెంటు పై పొర కూడా గాలి తగిలి నురగ వేస్తుంది. పైపూత చూసి తీర్పు చెప్పినా పొరపాటే. సున్నపు గోడకు తర్వాత సిమెంటు పూత పూసినవి జిల్లా అంతటా ఉన్నాయి. పూత ఊడిన చోట లోపలి సందు చూడాలి.

మద్రాసులో సిమెంటు తయారీ ప్రయత్నం 1904లో మొదలైంది, పోరుబందరు కర్మాగారం 1914లో. పల్లెల్లో తోట బాట అంచుకు సిమెంటు వాడేంత చవక కావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. కాబట్టి ఇటుక అంచు సిమెంటుతో కట్టి ఉంటే అది నూటయాభై ఏళ్లది కాదు, ఆ మాట అక్కడితో తెగిపోతుంది. సున్నంతో ఉంటే మాత్రం పాతదని రుజువు కాదు. మన వైపు గానుగ సున్నం పని సిమెంటు వచ్చాక కూడా బాగా సాగింది. అంటే కట్టడం ఇంతకంటే పాతది కాదన్న హద్దు సిమెంటు చెబుతుంది, సున్నం ఏ హద్దూ చెప్పదు.

ఇటుక కొలత తీసుకోండి. పొడవు, వెడల్పు, మందం, కనీసం పది ఇటుకలవి, విడివిడిగా రాసుకోండి. అంగుళంన్నర నుంచి రెండంగుళాల మందం నాటు ఇటుకలు ఒక రకం. తొమ్మిది, నాలుగున్నర, మూడంగుళాల దగ్గర పడేవి పి.డబ్ల్యు.డి. ప్రమాణం పట్టుకుని చేసినవి. అరుగులో ఒక రకం, అంచులో ఇంకో రకం ఉంటే రెండూ ఒకసారి కట్టినవి కావని చాలావరకు చెప్పొచ్చు. ఒకే అరుగులో రెండు రకాలు కలిసి ఉంటే పాత కట్టడం కూల్చిన ఇటుక మళ్లీ వాడారు, దాంతో కాలం కట్టొద్దు. మద్రాసు మిద్దెకు వాడే చిన్న ఇటుక ఉంటుంది, ఆరు, మూడు, ఒక అంగుళం. అది గానీ అంచులో కనబడితే, బంగళా మిద్దె మరమ్మతు చేసినప్పుడు మిగిలిన సరుకు తెచ్చి పేర్చారేమో చూడండి.

అన్నిటికంటే నికరమైనది ఆనింపు. గోడా గట్టూ కలిసే చోట ఏది దేని మీద ఉంది? గట్టు మట్టిని కోసి గోడ పునాది దింపి ఉంటే గట్టు ముందుది. గోడకు పూసిన గచ్చు మట్టి లోపలికి కూడా పోతూ ఉంటే, పూసిన గోడకు ఆనించి మట్టి తర్వాత పోశారు. మట్టిలో ఉండే భాగానికి ఎవరూ నునుపు గచ్చు పూయరు కదా. ప్రహరీకి వాన నీళ్లు పోయే తూములుంటాయి, అవి ఏటి వైపు ఇప్పటి బాట మట్టానికి పైన ఉన్నాయా, కింద పూడిపోయాయా చూడండి. తవ్వకుండా తెలిసే గుర్తుల్లో దీనికి మించింది లేదు. మెట్ల దగ్గర కూడా అంతే, పై మెట్టు బాట మట్టానికి సరిపోయిందా, మధ్యలో ఒక మెట్టు తర్వాత కలిపారా?

చెట్లను బట్టి కాలం చెప్పకండి. గట్టు మీదుండే సర్కారు తుమ్మ 1870ల్లో కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో నాటిన తర్వాత ఈ సీమంతా పాకింది, అది మీ బాటలో ఉన్నందువల్ల తేలేదేమీ లేదు. పైగా దాని వేళ్లు అరుగులను విడదీస్తాయి. పీకొద్దు, మొదలు దగ్గర కోసి వదిలేయమనండి. పీకితే ఇటుక అంచు కూడా వేరుతో పాటే లేచి వస్తుంది.

ఉత్తరగట్టు:

చాలా సాయం చేశారు. మీరు చెప్పిన వరసలో చూశాక తేలినవి ఇవి. మా ఊరు ఎస్టేటు గ్రామమే, 1948 చట్టం కింద సర్కారుకు వచ్చింది. ఫెయిర్ అడంగల్‌లో గట్టు విడి నంబరుగా, పోరంబోకుగా ఉంది, బంగళా తోట పక్క నంబరు. ఎఫ్.ఎం.బి.లో ప్రహరీ గీత మెట్ల దగ్గర లోపలికి వంగి, మెట్లను బయట వదిలేసింది. నేల మీద కూడా గోడ అక్కడ అలాగే వంగి ఉంది. తూములు బాట మట్టానికి కింద పూడి ఉన్నాయి, గచ్చు మట్టి లోపలికి పోయింది. అరుగులు సున్నం, నాటు ఇటుక. ఇటుక అంచు సిమెంటు. దిగువ వైపు ఒక ఫర్లాంగు రాయి దొరికింది.

ఒక చిక్కు వచ్చింది. పాత టోపోషీటు (సర్వే ఆఫ్ ఇండియా పటం) స్కాన్ తెచ్చి అక్షాంశ రేఖాంశాలు ఇచ్చి ఉపగ్రహ చిత్రం మీద పరిస్తే, గట్టు గీత ఏటి మధ్యలో పడుతోంది. ఏరు అంత జరిగిందా?

పటాలపెట్టె:

ఏరు జరిగిందనే ముందు పటం జరిగిందేమో చూడాలి. సర్వే ఆఫ్ ఇండియా పాత షీట్లు ఎవరెస్ట్ గోళాభం మీద గీసినవి, ఉపగ్రహ చిత్రం డబ్ల్యు.జి.ఎస్. 84 మీద ఉంటుంది (రెండూ అక్షాంశ రేఖాంశాలకు ఆధారంగా తీసుకున్న వేర్వేరు భూమి ఆకారాలు). షీటు మూలల్లోని అంకెలను అలాగే డబ్ల్యు.జి.ఎస్. అంకెలుగా ఇచ్చేస్తే మన ప్రాంతంలో 150 మీటర్లకు పైగా తేడా వస్తుంది. గట్టు ఏట్లో పడడానికి అది చాలు. 1905కు ముందరి షీటైతే ఇంకో మెలిక ఉంది. అప్పటి రేఖాంశాలు పాత మద్రాసు విలువ మీద ఉండేవి, వాటిలో 2 నిమిషాల 27 సెకన్లు తగ్గించాలి. నెల్లూరు అక్షాంశం దగ్గర అది నాలుగు కిలోమీటర్ల పైమాటే.

మూలల అంకెలు వదిలేసి, నేల మీద కదలని వస్తువులతో అతికించండి. క్యూజిస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో జియోరెఫరెన్సర్ (పాత పటాన్ని సరైన చోట అతికించే పనిముట్టు) తెరిచి ఎనిమిది నుంచి పది గురుతులు పెట్టండి. గుడి గోపురం, పాత బావి, మూడు ఊళ్ల హద్దులు కలిసే రాయి, చెరువు కలుజు. ఏటి ఒడ్డును, ఇసుక దిబ్బను, చెరువు నీటి అంచును గురుతుగా వాడొద్దు. మీరు తేల్చదలచుకున్నదే ఏటి కదలిక, దాన్నే కదలనిదిగా అనుకుని మొదలుపెడితే జవాబు ముందే రాసుకున్నట్టవుతుంది. గురుతులన్నీ ఒక పక్కనే కాకుండా ఏటికి రెండు ఒడ్డులా ఉండాలి. మార్పు రకం పాలినోమియల్ 1 చాలు. థిన్ ప్లేట్ స్ప్లైన్ ఎంచుకుంటే గురుతుల దగ్గర తేడా సున్నా అని చూపించి మధ్యలో పటాన్ని సాగదీస్తుంది, దాన్ని చూసి మురిసిపోయేవాళ్లు ఎక్కువ. మిగులు తేడా ఒక గురుతు దగ్గర మిగతావాటికంటే బాగా ఎక్కువ వస్తే ఆ గురుతు తప్పు, తీసేసి మళ్లీ చేయండి. అంగుళానికి మైలు షీటులో అర మిల్లీమీటరు గీత నేల మీద 30 మీటర్లు, కాబట్టి అంతకంటే సన్నటి వాదన ఆ పటంతో చేయకూడదు.

నెల్లూరు ఊరు 57 ఎన్/15 షీటులో తూర్పు అంచున పడుతుంది, మీ చోటు ఎగువన కాబట్టి 57 ఎన్/14 కూడా అడగండి. షీటులో గట్టును చిన్న పళ్ల గీతతో చూపిస్తారు. పక్కన '3ఆర్' లాంటి అంకె ఉంటే చుట్టూ నేల కంటే గట్టు అంత ఎత్తని. పాత షీట్లలో అడుగులు, కొత్తవాటిలో మీటర్లు. రెండు కాలాల షీట్లలో ఆ అంకె మారిందా చూస్తే గట్టు ఎత్తు పెంచిన సంగతికి ఇంకో సాక్ష్యం దొరుకుతుంది.

మధ్య కాలానికి కరోనా ఉపగ్రహ ఫొటోలు బాగా పనికొస్తాయి. 1960 నుంచి 1972 దాకా అమెరికా తీసినవి, 1995లో బయటపెట్టారు. చివరి కెమెరాల ఫొటోల్లో రెండు మీటర్ల వస్తువు కూడా కనబడుతుంది, గట్టు నెత్తి తెల్ల గీతలా ఉంటుంది. యు.ఎస్.జి.ఎస్. ఎర్త్ ఎక్స్‌ప్లోరర్‌లో స్కాన్ అయినవి ఉచితం. ఫిల్మ్ పట్టీ చివరల్లో చిత్రం వంగి ఉంటుంది, మీ చోటు పట్టీ మధ్యలో పడ్డ ఫ్రేమ్ ఎంచుకోండి. ఎండాకాలం ఫొటో తీసుకోండి, పైరు లేనప్పుడు బాట స్పష్టంగా తేలుతుంది. 1972 నుంచి వచ్చిన తొలి ల్యాండ్‌శాట్ చిత్రాలు బాటకు పనికిరావు, ఏటి పాయ ఎటు పోయిందో చూసుకోవడానికైతే సరిపోతాయి.

గొలుసు_లింకులు:

ఉత్తరగట్టు గారు, మీ దగ్గరున్న వాటితోనే వరస దాదాపు తేలిపోయింది. గోడ మెట్లను తప్పించుకుని వంగింది. ఎవరూ తమ ప్రహరీని ఊరికే వంకర తిప్పుకోరు. గోడ కట్టేనాటికి అక్కడ ఊరి రేవు ఉంది, దానికి పోయే బాట ఉంది, జమీందారు కూడా దాన్ని మూయలేకపోయాడు. తూములు పూడిపోయాయి, అంటే గోడ కట్టాక గట్టు ఎత్తు పెరిగింది. సిమెంటు ఇటుక అంచు ఆ పెరిగిన మట్టం మీదే ఉంది కాబట్టి అన్నిటికంటే కొత్తది. రేవు బాట, ప్రహరీ, గట్టు పెంపు, ఇటుక అంచు. ఇదీ వరస. అరుగులు ఇందులో ఎక్కడ పడతాయో వాటి పునాది చూస్తేనే తెలుస్తుంది. కూర్చునే ఎత్తు చూడండి. బాట మట్టం నుంచి పద్దెనిమిది అంగుళాల దగ్గర ఉంటే గట్టు పెంచాక కట్టినవి. అరడుగే పైకి ఉంటే పెంచకముందువి, సగం మట్టిలో ఉన్నాయి.

ఇక హక్కు సంగతి. ఎస్టేట్ల రద్దు చట్టం సెక్షన్ 3 కింద పోరంబోకులు, ఏర్లు, సాగునీటి కట్టడాలు సర్కారుకు దఖలు పడ్డాయి. సెక్షన్ 18 కింద ఎస్టేటు ఆఫీసుగా వాడిన భవనాలు సర్కారుకు పోయి, నివాసం లాంటి మిగతా భవనాలు సొంతదారులకే మిగిలాయి. మీ బంగళా వాళ్లదే కావచ్చు, పోరంబోకుగా రాసిన గట్టు మాత్రం దాంతో పాటు రాదు. ఈ రెండూ ఒకే చట్టంలో ఉన్నాయి గనుక వాళ్లతో మాట్లాడేటప్పుడు గొడవ అక్కర్లేదు, ఫెయిర్ అడంగల్ నకలు ముందు పెడితే చాలు. 1905 భూ ఆక్రమణల చట్టం సెక్షన్ 2 కూడా ప్రజా బాటలు, ఏటి గర్భాలు వేరొకరి ఆస్తి అని రుజువైతే తప్ప సర్కారువే అంటుంది. ఇరవై ఏళ్లు నడిచాం కాబట్టి హక్కొచ్చిందనే వాదన పెట్టుకోకండి. అది 1882 ఈజ్‌మెంట్ల చట్టంలో ఒకరి పొలం మీదుగా ఇంకొకరు నడిచే దారికి సంబంధించింది, సర్కారు భూమి మీద గడువు 30 ఏళ్లు. మీది ఆ తరహా కేసే కాదు, దాన్ని ఎత్తితే బాట వాళ్లదని మీరే ఒప్పుకున్నట్టవుతుంది.

సంవత్సరం దొరికే చోటు ఇంకొకటి మిగిలింది, చెక్కుబందీలు (దస్తావేజులో రాసే నాలుగు వైపుల హద్దులు). ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి మీది రిజిస్ట్రేషన్ లావాదేవీల పత్రం) 1983 నుంచే వస్తుంది. అంతకు ముందువాటికి సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో పాత ఇండెక్సు వెతకమని ఫీజు కట్టాలి. బంగళా దస్తావేజు ఒక్కటే చూసి ఊరుకోకండి, అది చేతులు మారి ఉండకపోవచ్చు. గట్టు వెంట ఎగువా దిగువా ఉన్న పొలాలు మారుతూనే ఉంటాయి. వాటి దస్తావేజుల్లో 'దక్షిణం: పెన్న గట్టు మీది బాట' అని ఉంటే, ఆ దస్తావేజు తేదీకి బాట ఉన్నట్టు. మీది ఉత్తరపు ఒడ్డు కాబట్టి దక్షిణపు హద్దు చూడాలి. అలాంటి మాటున్న అన్నిటికంటే పాత తేదీ మీ బోర్డు మీద వేయదగ్గ సంవత్సరం, 'నాటికే ఉన్న' అనే మాటతో.

అది దొరికేదాకా బోర్డు ఇలా రాయించొచ్చు: 'ఇది ఊరి రేవుకు పోయే పాత బాట. బంగళా ప్రహరీ కట్టేనాటికే ఇక్కడ బాట, రేవు ఉన్నాయి. తర్వాత వరద రక్షణకు గట్టు ఎత్తు పెంచారు.' ఈ మూడు ముక్కలకూ మీ దగ్గర కంటికి కనబడే ఆధారం ఉంది. జమీందారు షికారు మాట వేయాలనుకుంటే 'అని ఊళ్లో చెప్పుకుంటారు' అని చేర్చండి, తీసేయనక్కర్లేదు. అరుగులు ఎవరో ఒకరు కూర్చోవడానికే కట్టారు.

పొర్లుకట్ట:

బోర్డు సంగతి వచ్చింది కాబట్టి ఒక్కటి. స్తంభాల గుంటలు గట్టు నెత్తి మీద గానీ ఏటి వైపు వాలులో గానీ తీయనీయకండి. గట్టు కింద, పొలం వైపు మట్టికట్ట పాదం దాటాక, విడిగా సిమెంటు దిమ్మె పోసి దాని మీద నిలబెట్టమనండి. దానికి కూడా ఇరిగేషన్ ఏ.ఈ. (అసిస్టెంట్ ఇంజనీరు) దగ్గర ముందుగా కాగితం మీద అనుమతి తీసుకోవాల, స్థలం గుర్తించిన స్కెచ్ జత చేసి. కంప కొట్టేటప్పుడు జె.సి.బి. కట్ట ఎక్కించొద్దు, బకెట్ పళ్లు తగిలితే ఇటుక అంచుతో పాటు మెట్ల పై వరస కూడా పోతాది. మనుషులతో, కొడవళ్లతో చేయించండి. పనులు జనవరి తర్వాత పెట్టుకుంటే మంచిది, అప్పటికి వరదల కాలం దాటిపోయి ఉంటాది. ఫర్లాంగు రాయిని కదిలించకుండా అక్కడే ఉంచి, అంకె కనబడేలా చుట్టూ మట్టి తీసి సున్నం వేయించండి.